మూకీలు: ఏ కాపీ చూడాలి, ఏ వేగంతో చూడాలి?

ప్రశ్న: పాత మూకీల్లో మనుషులు నడిచినా ఉరికినట్టే ఉంటుంది. అప్పటి కెమెరాలు అంత నాసిరకమా? ఇంట్లో చూసేటప్పుడు దీన్ని సరిచేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కెమెరాల తప్పేమీ లేదు. ఆనాటి కెమెరాను చేత్తో తిప్పేవారు. ఒక చుట్టుకు 8 ఫ్రేములు (విడి బొమ్మలు), సెకనుకు రెండు చుట్లు, అంటే సెకనుకు 16 ఫ్రేములు. 1920ల్లో ఇది 18, 20, 22 దాకా పెరుగుతూ వచ్చింది. టాకీ వచ్చాక వేగం మారితే గొంతు కూడా మారుతుంది కాబట్టి 24 దగ్గర స్థిరపరిచారు. 18తో తీసిన బొమ్మను 24తో ఆడిస్తే మూడో వంతు వేగం పెరుగుతుంది. మీరు చూసిన ఉరుకులాట అదే. పాత టీవీ కాపీలు, వాటి నుంచి ఇంటర్నెట్‌కు ఎక్కినవి చాలావరకు ఇలాంటివే.

మీ దగ్గరున్న కాపీ ఏ వేగంతో ఆడుతోందో లెక్క కట్టొచ్చు. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సినిమా పొడవును అడుగుల్లో తీసుకుని, నిడివి నిమిషాలతో భాగించి, 16తో గుణించి, 60తో భాగించండి. జర్మన్ దర్శకుడు ముర్నావ్ తీసిన పిశాచం సినిమా ‘నోస్ఫెరాటు’ (1922) అసలు పొడవు 1,967 మీటర్లు, అంటే సుమారు 6,450 అడుగులు. పూర్తి సినిమా 72 నిమిషాల్లో అయిపోతే అది 24 ఫ్రేముల వేగం. 95 నిమిషాలు నడిస్తే 18. రెండోదే చూడదగ్గది. అయితే కత్తిరింపులు పడిన కాపీకి ఈ లెక్క పనిచేయదు. ముందు సినిమా పూర్తిగా ఉందో లేదో చూసుకోవాలి.

దొరికింది 24 ఫ్రేముల కాపీ ఒక్కటే అయితే యూట్యూబ్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.75 పెట్టండి. 18 ఫ్రేముల వేగం వచ్చేస్తుంది. సంగీతం కూడా సాగుతుంది కాబట్టి దాన్ని ఆపి, వేరే వాద్య సంగీతం ఏదైనా పెట్టుకోండి. సరైన వేగం తెలుసుకోవడానికి నటుల్ని కాదు, గుర్రం పరుగునీ, పొగనీ, నీటి ధారనీ చూడండి. నటులు కావాలనే గబగబా కదిలి ఉండవచ్చు, నీళ్లు అలా పడవు.

రెండు జాగ్రత్తలు. కొన్ని కాపీల్లో ప్రతి రెండో ఫ్రేమును రెండుసార్లు ముద్రించి 16ను 24గా సాగదీశారు. కదలిక ఆగి ఆగి సాగితే అది ఇలాంటి కాపీ అనుకోవచ్చు. దాన్ని ఇంకా నెమ్మది చేయకూడదు. ఇక హాస్య చిత్రాల్లో ఛేజింగులను కావాలనే కెమెరా నెమ్మదిగా తిప్పి తీసేవారు. తెరమీద వేగంగా కనబడాలనే వాళ్ల ఉద్దేశం. బస్టర్ కీటన్ సినిమాను నడక తీరు చూసి మరీ నెమ్మది చేస్తే హాస్యం చచ్చిపోతుంది.

ప్రశ్న: ‘నోస్ఫెరాటు’లో పిశాచం ఎండ తగిలితే చనిపోతుంది కదా. మరి శవపేటికను మోసుకుంటూ ఊళ్లో పట్టపగలు ఎలా తిరుగుతుంది?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అది పగలు కాదు, రాత్రే. మీరు చూసిన కాపీలో రంగు పోయింది. ఆనాటి ఫిల్ముకు వెలుతురు బాగా కావాలి. వీధుల్లో నిజమైన రాత్రిని పట్టుకునే శక్తి దానికి లేదు. అందుకని ఎండలోనే తీసి, ప్రదర్శనకు వెళ్లే ప్రింటులో ఆ భాగాన్ని నీలి రంగు ద్రావణంలో ముంచేవారు. ప్రేక్షకుడు నీలాన్ని చూడగానే రాత్రి అని గ్రహించేవాడు. దీపం వెలిగే గదికి పసుపు, తెల్లవారడానికి గులాబీ. తర్వాత ఎవరో ఆ ప్రింటును నలుపు తెలుపులో నకలు తీశారు, రాత్రులన్నీ పగళ్లయ్యాయి. ముర్నావ్ ఫౌండేషన్ పునరుద్ధరించిన కాపీలో ఈ రంగులన్నీ తిరిగొచ్చాయి, హాన్స్ ఎర్డ్‌మాన్ సంగీతంతో సహా. మూకీ అంటే నలుపు తెలుపే అనుకోవడం వల్ల ఇలాంటి ఎన్నో సినిమాలకు అన్యాయం జరుగుతోంది.

ప్రశ్న: ‘మెట్రోపోలిస్’ పునరుద్ధరించిన కాపీ అని కొన్నాను. మధ్యలో బొమ్మ గీతలు పడి, చిన్నదైపోతోంది. మోసపోయానా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లేదు, మీ దగ్గరున్నదే మంచి కాపీ. ఫ్రిట్జ్ లాంగ్ ఈ సినిమాను 1927 జనవరి 10న బెర్లిన్‌లో విడుదల చేసినప్పుడు పొడవు 4,189 మీటర్లు, నిడివి 153 నిమిషాలు. కొన్ని నెలలకే దాదాపు పావు వంతు కోసేశారు. ఆ ముక్కలు పోయాయనే అందరూ అనుకున్నారు. 2008లో బ్యూనస్ ఐరిస్‌లోని సినిమా మ్యూజియంలో దాదాపు పూర్తి కాపీ ఒకటి బయటపడింది. కానీ అది 16 ఎం.ఎం. నకలు. మూలంగా తీసుకున్న ప్రింటు మీది గీతలు, నూనె మరకలు బొమ్మతోపాటే ఫొటోగా పడిపోయాయి, కడిగితే పోవు. నకలు తీసేటప్పుడు ఫ్రేము అంచులు కూడా తెగాయి. 2010లో ఆ 25 నిమిషాలను కలిపినప్పుడు, తెగిన మేర నల్లగా వదిలేశారు. బొమ్మను సాగదీసి నింపి ఉంటే మనుషుల కొలతలు చెడేవి. ఇది నిజాయితీ గల పని. చర్చిలో సన్యాసి బోధ, నగరాధిపతి ఫ్రెడర్‌సన్‌తో శాస్త్రవేత్త రోట్‌వాంగ్ పెనుగులాట మాత్రం దొరకలేదు. అక్కడ టైటిల్ కార్డులు కథ చెబుతాయి.

ప్రశ్న: మనవాళ్లు తీసిన మూకీలు చూడాలంటే ఏవి దొరుకుతాయి?
— ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: మీ ఊరివాడే అయిన రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించి, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ పెట్టారు. కొడుకు ప్రకాశ్ దర్శకత్వంలో 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీయించారు. దాని ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ఇది మనకు పూడని లోటు. భారతీయ మూకీల్లో ఇప్పుడు మంచి స్థితిలో దొరికేవి హిమాంశు రాయ్ నిర్మాణంలో ఫ్రాంజ్ ఆస్టెన్ తీసిన ‘షిరాజ్’ (1928), ‘ఎ త్రో ఆఫ్ డైస్’ (1929). ‘షిరాజ్’తో మొదలుపెట్టండి.

ప్రశ్న: అటక మీద పాత రేకు డబ్బాలో ఫిల్ము చుట్ట దొరికింది. ఇంట్లో ఆడించి చూడొచ్చా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆడించకండి. ముందు వెడల్పు కొలవండి. 35 ఎం.ఎం. అయి, 1950ల మొదటి సంవత్సరాల కంటే పాతదైతే నైట్రేట్ (ఇట్టే అంటుకునే పాత రకం ఫిల్ము) కావచ్చు. అంచున ‘సేఫ్టీ’ అనో ‘నైట్రేట్’ అనో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నకలు తీసినప్పుడు పాత అక్షరాలు కూడా పడతాయి కాబట్టి రెండూ కనిపిస్తే నైట్రేట్ అనుకునే జాగ్రత్తపడండి. ముక్క కోసి అగ్గిపుల్లతో పరీక్షించే పని అసలు వద్దు. నైట్రేట్ మండేటప్పుడు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తానే విడుదల చేసుకుంటుంది. ఇసుక పోసినా, నీళ్లలో ముంచినా మంట ఆగదు.

బొమ్మ గోధుమ రంగుకు తిరగడం, జిగురెక్కడం, నురుగులా బుడగలు రావడం, చివరికి పొడి కావడం అది కుళ్లే క్రమం. జిగురు దశలో చుట్టను విప్పితే బొమ్మ పొర ఊడి వస్తుంది. బాగున్నట్టు కనిపించినా ఫిల్ము కుంచించుకుపోయి ఉంటుంది, ప్రొజెక్టర్ పళ్లు రంధ్రాలను చింపేస్తాయి. వేసవిలో అటక మీద ఉంచవద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో, పొయ్యికీ ఎండకూ దూరంగా డబ్బాను పడుకోబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకండి, లోపల పుట్టే వాయువులు బయటికి పోకపోతే ఫిల్మును మరింత త్వరగా తినేస్తాయి. డబ్బా, లేబులు, అంచు అక్షరాల ఫొటోలు తీసి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి. వాళ్లు చెప్పేదాకా పోస్టులోనో బస్సు పార్సిల్‌లోనో పంపకండి.