అప్పు చేసి ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలా?

బ్లౌజుల వర్కు బయటికి పంపుతున్నాను, అప్పు చేసి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొననా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. బయటి వర్కుకు నెలకు ఎంత ఇస్తున్నారో మీ పుస్తకంలోనే చూడండి. శ్రావణ మాసం లెక్క కాదు, ఆషాఢం లెక్క. అది బ్యాంకు వాయిదా కంటే తక్కువైతే, మిషన్‌ను మీరే పోషించాల్సి వస్తుంది. పైగా డిజైన్ ఫైళ్లు, దారాలు, మెకానిక్ ఖర్చుల సంగతి అమ్మేవాడు ఎత్తడు.

బట్ట అంచుల పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ లేకపోతే మాత్రం కళ్లు మూసుకుని కొనండి, రోజూ పనికొస్తుంది. చేతివృత్తుల వారి కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలూ ఉన్నారు. నమోదై, ప్రాథమిక శిక్షణ పూర్తిచేస్తే తొలి విడతగా లక్ష రూపాయల వరకు, హామీ లేకుండా, 5 శాతం వడ్డీకి రుణం వస్తుంది. 18 నెలల్లో తీర్చాలి. ఆ డబ్బుతో దుకాణానికి ఏసీ, కొత్త బోర్డు పెట్టించకండి.