మొదటి లూప్ కొలత సరిగ్గా పడాలి

అమ్మలూ,

నువ్వు పంపిన రికార్డింగ్ రాత్రి రెండుసార్లు విన్నాను. గిటార్ బాగుంది, దాని మీద వేసిన చప్పట్లూ బాగున్నాయి. కానీ కాసేపయ్యేసరికి రెండూ విడిపోతున్నాయి. తాళం తప్పింది నువ్వు కాదు. లూప్ అంటే లూపర్ మెషీన్ రికార్డ్ చేసుకుని మళ్లీ మళ్లీ తిప్పే ముక్క కదా. నీ రెండు లూపుల నిడివి ఒకటి కాదు, అదీ సంగతి.

చుట్టుకి 20 మిల్లీసెకన్ల తేడా ఉందనుకో, మొదట్లో చెవికి అందదు. పది చుట్లు తిరిగేసరికి అది 200 మిల్లీసెకన్లవుతుంది. 120 టెంపోలో, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంలో, ఒక బీటు 500 మిల్లీసెకన్లే కదా, అంటే సగం బీటుకి దగ్గరగా జారిపోయినట్టు. ఇంక ఎంత బాగా వాయించినా అతకదు.

అందుకే వాయించే ముందే మూడు విషయాలు తేల్చుకో: టెంపో ఎంత, బార్‌కి (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) ఎన్ని బీట్లు, లూప్‌కి ఎన్ని బార్లు. టెంపో 100, బార్‌కి 4 బీట్లు, మొత్తం 4 బార్లు అనుకుంటే 16 బీట్లు, సరిగ్గా 9.6 సెకన్లు. ఇవి మెషీన్‌లో ముందే పెట్టెయ్. చాలా లూపర్లలో మొదటి లూప్ రికార్డయ్యాక బీట్ల సంఖ్య మార్చనివ్వరు. పాట ఏడు బీట్లదైతే, మెషీన్ నాలుగు మీదే ఉండిపోతే, మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

ట్రాక్ సెట్టింగుల్లో బార్ల సంఖ్య 'ఫ్రీ' మీద ఉంటే పెడల్ మీద నీ కాలు రెండోసారి ఎప్పుడు పడితే లూప్ అక్కడ ఆగుతుంది. నీ రికార్డింగ్‌లో జరిగింది ఇదేనని నా అనుమానం. అక్కడ 4 అని పెట్టావంటే నాలుగు బార్లు పూర్తవగానే రికార్డింగ్ దానంతటదే ముగుస్తుంది. ఆ రెండో నొక్కుడు టెన్షన్ ఉండదు. తర్వాత లూప్ సింక్ (లూపులన్నిటినీ కలిపి నడిపేది), క్వాంటైజ్ (నొక్కుడుని బీటుకి సర్దేది) రెండూ ఆన్ చెయ్. మెషీన్‌ని బట్టి పేర్లు కాస్త మారతాయి, పని అదే. కాలు కొంచెం ముందో వెనకో పడినా క్వాంటైజ్ దాన్ని లెక్కలోకి లాగుతుంది. కానీ 'ఫ్రీ' మీద ఉంచి మరీ ఆలస్యంగా నొక్కితే మాత్రం తర్వాతి బార్ దాకా ఆగి, నాలుగు బార్ల లూప్‌ని ఐదు చేసేస్తుంది.

కాబట్టి కాలు సాధన తప్పదు. చాలామంది చివరి స్వరం అయిపోయింది కదా అని నొక్కేస్తారు. నొక్కాల్సింది తర్వాతి 'ఒకటి' మీద, అంటే తర్వాతి బార్ మొదటి బీటు మీద. మొదలుపెట్టేదీ 'ఒకటి' మీదే, ముగించేదీ 'ఒకటి' మీదే. గిటార్ పక్కన పెట్టి, నోటితో లెక్కపెడుతూ ఉత్త కాలుతోనే ఒక పావుగంట చేసి చూడు. నాకు ఇది ఎవరూ చెప్పలేదు. వేదిక మీద లూప్ విడిపోయి పాట ఆపేసిన రోజున తెలిసింది. నీకు ఆ రోజు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

అన్ని లూపులూ ఒకే నిడివి ఉండక్కర్లేదు. మొదటిది 4 బార్లైతే మిగతావి 1, 2, 4, 8 బార్లు ఉండొచ్చు, చక్కగా కలుస్తాయి. 3 బార్లది వేస్తే రెండూ మళ్లీ కలిసేది 12 బార్ల తర్వాతే. అది కావాలని చేస్తే అందమే, పొరపాటున పడితే గందరగోళం.

తాళం చూపించే క్లిక్ శబ్దం హెడ్‌ఫోన్స్‌లోనే పెట్టుకో, స్పీకర్లోకి వదిలితే మైకు దాన్నీ రికార్డ్ చేసేస్తుంది. డ్రమ్ మెషీన్ కలిపితే మిడి క్లాక్ వాడు, అంటే ఒక మెషీన్ తన టెంపోని రెండోదానికి పంపే సంకేతం. అది బీటుకి 24 పల్సులు పంపుతుంది. రెండిట్లో ఒకటే మాస్టర్‌గా ఉండాలి, రెండోది దాన్ని అనుసరించాలి.

ఈ వారం పాట జోలికి వెళ్లకు. 4 బార్ల గిటార్, దాని మీద 4 బార్ల చప్పట్లు వేసి ఇరవై చుట్లు తిరగనిచ్చి పంపు. చివరి చుట్టు నేను వింటాను.

మీ బాబాయ్