పెన్ కిట్‌కి ఏ సైజు డ్రిల్ బిట్ వాడాలి? 7 మి.మీ. కిట్‌కి 7 మి.మీ. బిట్ సరిపోతుందా?

పెన్ కిట్ అంటే పెన్నులోని లోహపు భాగాలు, వాటితో వచ్చే ఇత్తడి ట్యూబ్; చెక్కలో బెజ్జం వేసి ఆ ట్యూబ్‌ని లోపల అంటించి, పైన చెక్కని లేత్ మీద తిప్పి పెన్ను ఆకారం తెస్తాం. కిట్‌తో వచ్చిన కాగితం కాసేపు పక్కన పెట్టి ముందు ఇత్తడి ట్యూబ్‌ని కాలిపర్స్‌తో కొలవండి, నేను చెప్పేది ముఖ్యంగా ఇదే. ట్యూబ్ బయటి కొలత కంటే బెజ్జం 0.1 నుంచి 0.2 మి.మీ. పెద్దదిగా ఉండాలి, ఆ సందులోనే గ్లూ కూర్చుంటుంది. వేలితో తోస్తే ట్యూబ్ లోపలికి జారిపోవాలి కానీ లొడలొడ ఆడకూడదు.

ఇదంతా ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, మా తాతయ్య కూర్చునే పాత కుర్చీ చెయ్యి ఒకటి విరిగితే ఆ ముక్క ఏళ్ల తరబడి దాచుకున్నా. మంచి రోజ్‌వుడ్. దాంట్లోంచి సరిగ్గా రెండు బ్లాంకులు, అంటే పెన్నుకి సరిపడా కోసిన ముక్కలు వచ్చాయి, మా నాన్నకి పెన్ను చేసిద్దామని ఒకే ట్యూబ్ ఉండే కిట్ తెచ్చా. కాగితంలో 27/64 అంగుళం బిట్ అని ఉంది. నా దగ్గరున్న సెట్ మి.మీ.ల్లో ఉంది, అందులో దగ్గరగా ఉన్నది 10.5. 27/64 అంటే 10.72, పోనీలే 0.2 మి.మీ. తేడానే కదా అనుకుని డ్రిల్ చేసేశా. ట్యూబ్ పెట్టి చూస్తే అంచు దగ్గరే బిర్రుగా ఉంది. అప్పుడైనా ఆగాల్సింది, గ్లూ తడికి జారుతుందిలే అని సూపర్ గ్లూ రాసి తిప్పుతూ తోశా, సగం దాకా వెళ్లి అక్కడే బిగుసుకుపోయింది. సూపర్ గ్లూ ఇరుకు సందులో క్షణాల్లో పట్టేస్తుంది, వెనక్కీ రాదు ముందుకీ పోదు. చెక్క సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేశా, రెండో దెబ్బకే పోగు వెంబడి నిలువునా పగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు ఇంకేం ముట్టుకోలేదు, లేత్ ఆపేసి ఇంట్లోకొచ్చేశా.

రెండో బ్లాంక్‌కి తొందరపడలేదు. ట్యూబ్ కొలిస్తే 10.5 కంటే వెంట్రుకవాసి ఎక్కువే ఉంది, అంటే నా బెజ్జంలో అది పట్టే ప్రశ్నే లేదు. 10.7 బిట్ విడిగా కొని ముందు అలాంటి గట్టి చెక్క ముక్క మీదే బెజ్జం వేసి చూశా, ట్యూబ్ హాయిగా జారింది, ఆ తర్వాతే అసలు చెక్క పట్టుకున్నా. ట్యూబ్‌ని సాండ్‌పేపర్‌తో గరుకు చేసి ఈసారి ఎపాక్సీ వాడా, సర్దుకోడానికి టైమ్ ఇస్తుంది కాబట్టి. ఆ పెన్ను నాన్న జేబులోనే ఉంటుంది ఇప్పుడు.

ఈ అంగుళాలు, మి.మీ.ల గోల ఒకటి ఎప్పుడు పోతుందో. ఒక కిట్‌కి 3/8, ఇంకోదానికి 10 మి.మీ., మరోదానికి ఎ, బి, సి అని అక్షరంతో పిలిచే సైజు! అంగుళంలో 64వ వంతు అంటేనే దాదాపు 0.4 మి.మీ., అర మి.మీ. చొప్పున పెరిగే సెట్‌లో దానికి సరిపడేది దొరకదు. అందుకే పెద్ద సెట్టు కొనమని సలహా ఇచ్చేవాళ్ల మాట నేను ఒప్పుకోను, మీరు చేసే రెండు మూడు రకాల కిట్లకి కావలసిన బిట్లు మాత్రం విడిగా, మంచివి కొనుక్కోండి. బిట్‌ని బిగించి పట్టుకునే చక్‌లో అది జారిందంటే దాని మీద నంబర్ కూడా అరిగిపోతుంది, అప్పుడు బిట్‌ని కూడా కొలవాల్సిందే, అదీ వెనక కాడ దగ్గర కాదు, కోసే మొన దగ్గర.

బిట్ మీద రాసిన సైజే బెజ్జం సైజు అని కూడా అనుకోవద్దు. మొనలో రెండు అంచులూ సమానంగా పదును పెట్టకపోతే బెజ్జం పెద్దదవుతుంది. అదే అక్రిలిక్ (ప్లాస్టిక్) బ్లాంక్‌లో ఆపకుండా తోస్తే వేడికి కరిగి బిట్‌కి అంటుకుంటుంది, చల్లారాక బెజ్జం బిర్రుగా తయారవుతుంది. కొంచెం దింపి బయటికి తీసి పొట్టు దులిపి మళ్లీ దింపండి, స్పీడ్ తగ్గించండి. అవతలి వైపు పెచ్చు లేస్తుందని భయముంటే బ్లాంక్ కాస్త పొడుగ్గా ఉంచుకుని బయటికి పొడవకుండా ఆపేసి ఆ చివర రంపంతో కోసేయండి.

ఇక మీ 7 మి.మీ. కిట్ సంగతి. మామూలు చెక్క అయితే 7 మి.మీ. బిట్‌తో చాలాసార్లు సరిపోతుంది. అక్రిలిక్ అయినా, బాగా గట్టి చెక్క అయినా నేను జె సైజు, అంటే 7.04 మి.మీ. బిట్ వాడతా. అదీ బిర్రుగా ఉంటే 7.1 తీసుకోండి, ట్యూబ్‌ని మాత్రం సుత్తితో కొట్టొద్దు.