తాగి కొట్టే భర్తతో కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: మావారు రోజూ రెండు క్వార్టర్లు తాగుతారు. నెలకు రెండు మూడుసార్లు చెయ్యి చేసుకుంటారు. పెద్దమనుషులేమో ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లమంటున్నారు. ఆయనకు తెలియకుండా కూరలో కలిపే మందు ఉందని మా ఆడపడుచు చెబుతోంది. ఏం చేయను?
– ఒక సోదరి, నిజామాబాద్ జిల్లా

జవాబు: కూరలో ఏమీ కలపకండి. అలా కలిపేది చాలాసార్లు తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ బిళ్లే. అది కడుపులో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికీ రావచ్చు. మనిషికి చెప్పి, గుండె, లివర్ పరీక్షలు చేయించి, చివరి చుక్క తాగిన 12 గంటల తర్వాతే డాక్టరు మొదలుపెడతారు. మోసం బయటపడితే దెబ్బలు తినేది కూడా మీరే.

ఒట్టు పెట్టించి ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించడమూ ప్రమాదమే. ఇంత తాగే మనిషి హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి పలవరించవచ్చు. మానసిక వైద్య విభాగం ఉన్న ఆసుపత్రిలోనే మాన్పించాలి. ఆర్ఎంపీ గ్లూకోజ్ ఎక్కించి పంపేస్తే సరిపోదు. బి1 విటమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే చేటు.

ఇక కౌన్సెలింగ్. మొదటిసారి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అడిగేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి. ఆయన ఎదుట మీరు నిజం చెప్పలేరు, చెబితే ఇంటికెళ్లాక ఏమవుతుందో మీకు తెలుసు. మిమ్మల్ని విడిగా అడగాలి: గొంతు నులిమారా? కత్తి, కర్ర ఎత్తారా? చంపుతానన్నారా? తాగనప్పుడూ కొడతారా? ఆయనంటే భయమా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా జంట కౌన్సెలింగ్ వద్దు. ఆయన చికిత్స ఆయనది, మీ రక్షణ మీది. తాగుడే కొట్టిస్తోందనే మాట మేం ఒప్పుకోం. అదే మత్తులో ఆయన పని ఇచ్చే మేస్త్రీ మీద చెయ్యెత్తరు కదా.

అవేవీ లేకుండా, తాగుడు ఆగి, కొట్టడమూ ఆగితే అప్పుడు కలిసి కూర్చోవచ్చు. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 20 సిట్టింగులు. ఇంట్లో రోజూ ఒకే వేళకు, పొద్దుటి టీ అప్పుడనుకోండి, "ఈ రోజు తాగను" అని ఆయన చెప్పాలి. డాక్టరు బిళ్ల రాసి ఉంటే మీ ఎదుటే వేసుకోవాలి. మీరు ఒక్క మాట మెచ్చుకుని క్యాలెండర్‌లో టిక్కు పెట్టాలి. అంతే. పాత తాగుడు ఊసు, రేపటి అనుమానం ఆ వేళ ఎత్తకూడదు, అవి సిట్టింగుకే. చాలా ఇళ్లలో ఈ రోజువారీ ఒప్పందం చెడేది సరిగ్గా ఇక్కడే. మళ్లీ తాగి వస్తే వాదించకండి, బయటికి దారి ఉన్న గదిలో ఉండండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, కొంత డబ్బు పక్కింట్లోనో పుట్టింట్లోనో ముందే దాచండి.

2005 గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కి పంపినా, ఇక కొట్టనని ఆయన హామీ ఇవ్వాలి. కొట్టడానికి కారణాలు చెప్పుకునే వీలు అక్కడ ఆయనకు లేదని నిబంధనల్లోనే ఉంది. హింస ఎదుర్కొనే మహిళలకు సాయం చేసే మీ జిల్లా సఖి కేంద్రంలో అడగండి, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. దాడి జరుగుతుంటే 112. మద్యం మాన్పించే చికిత్స వివరాలకు 14446.