ఏ విద్యార్థికి ఏ పుస్తకం: ఒక యువ రచయితకు లేఖ

చెన్నై

అమ్మాయీ,

యూనివర్సిటీ విద్యార్థుల కోసం నువ్వు రాసిన పుస్తకాల వ్యాసం చదివాను. పన్నెండు పుస్తకాలు, ఒక్కోదానికి మూడేసి వాక్యాలు. నెల్లూరు నుంచి వచ్చి చెపాక్‌లో ఎం.ఏ. చేస్తున్న పిల్లవాడు ఇది చదివితే ముందు దేన్ని తెరవాలో తేల్చుకోలేడు. జాబితా పక్కన పెట్టెయ్. విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో కనుక్కుని, అక్కడ పనికొచ్చే పుస్తకం ఒకటే చెప్పు. అందులో ఏ అధ్యాయం చదవాలో కూడా చెప్పు. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1924లో మొదటి లైబ్రేరియన్‌గా చేరిన రంగనాథన్, 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోదిగా పాఠకుడి సమయం ఆదా చేయమన్నాడు. మనలాంటి వాళ్లం ముందుగా పాటించాల్సింది అదే.

చదివింది పరీక్షనాటికి నిలవడం లేదనేవాళ్లకు 2014లో వచ్చిన ‘మేక్ ఇట్ స్టిక్’ చాలు. పుస్తకం మూసి గుర్తుతెచ్చుకో, కొన్ని రోజులు ఆగి మళ్లీ గుర్తుతెచ్చుకో అన్నది దాని సారం. అంతే రాసి ఊరుకుంటే ఎవరూ చేయరు. ఎందుకు చేయరో కూడా నువ్వు రాయాలి. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి అయింది. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుతెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. హైలైటర్‌తో గీసుకుంటూ నాలుగుసార్లు తిరగేసిన అమ్మాయికి ఆ రాత్రి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. ఆ నమ్మకమే కొంప ముంచుతుంది. ఈ సంగతి చెప్పాక పద్ధతి చెప్పు: ఒక విభాగం చదివి పుస్తకం మూసేయాలి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి. తర్వాత తెరిచి, వదిలేసినవి ఎర్ర సిరాతో చేర్చాలి. మర్నాడూ, వారం తర్వాతా ఆ ఎర్ర అక్షరాల నుంచే మొదలుపెట్టాలి.

అసలు చిక్కంతా రాత దగ్గర. ఇంగ్లిషులో డిసర్టేషన్ రాయాల్సిన మన పిల్లలు ఉపోద్ఘాతం దగ్గరే నెలలు గడిపేస్తారు. వాళ్లకు స్వేల్స్, ఫీక్ రాసిన ‘అకడమిక్ రైటింగ్ ఫర్ గ్రాడ్యుయేట్ స్టూడెంట్స్’లో ఉపోద్ఘాతం మీద ఉన్న అధ్యాయం చూపించు. ఉపోద్ఘాతం మూడు అడుగులు వేస్తుందని స్వేల్స్ విశ్లేషణ: ఇప్పటిదాకా తెలిసింది చెప్పడం, అందులో మిగిలిన ఖాళీ చూపడం, ఆ ఖాళీని ఈ పరిశోధన ఎలా పూరిస్తుందో చెప్పడం. దాన్ని మన ఊరి అంశం మీద అల్లి చూపిస్తే పిల్లలకు పట్టుబడుతుంది. మాదిరికి ఇలా రాయొచ్చు: “నగరాల్లో వేసవి నీటి ఎద్దడి మీద చాలా అధ్యయనాలు వచ్చాయి.” ఇది మొదటి అడుగు. “అవి సొంత ఇళ్లవాళ్లనే అడిగాయి, అద్దెకున్నవాళ్లు నీటికి పెట్టే ఖర్చు నమోదు కాలేదు.” ఇది రెండోది. “ఈ వ్యాసం ట్రిప్లికేన్‌లో నలభై అద్దె కుటుంబాల నీటి ఖర్చును పరిశీలిస్తుంది.” ఇది మూడోది. మనవాళ్లు “అనాదిగా నీరు మానవుడికి ప్రాణాధారం” అంటూ మొదటి అడుగునే రెండు పేజీలు సాగదీసి, తిన్నగా మూడోదానికి దూకుతారు. రెండోది లేకపోతే ఈ పరిశోధన ఎందుకో గైడ్‌కు అర్థం కాదు. ఉపోద్ఘాతం తిరిగొచ్చిందంటే ముందు రెండో అడుగు ఉందో లేదో చూసుకోమను.

అంశమే ఇంకా తేలనివాళ్లకు బూత్, కొలంబ్, విలియమ్స్‌ల ‘ద క్రాఫ్ట్ ఆఫ్ రీసెర్చ్’. అందులో మూడు ఖాళీల వాక్యం ఒకటుంది: నేను ఫలానాదాని మీద పనిచేస్తున్నాను, ఫలానాది తెలుసుకోవాలని, దానివల్ల పాఠకుడికి ఫలానాది అర్థమవుతుందని. మూడో ఖాళీ నిండకపోతే అంశం ఇంకా పండలేదు. ఆ ఒక్క అధ్యాయం చదివితే చాలు, మిగతా పుస్తకం తర్వాత చూసుకోవచ్చు.

ఎడిషన్ సంగతి మరిచిపోకు. బూత్ పుస్తకం 1995 నాటి మొదటి ఎడిషన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు పాతపుస్తకాల కొట్లలో దొరికినా కళ్లకద్దుకుని కొనుక్కోమను. వాదం కట్టే తీరు పాతబడదు. ఉల్లేఖన పద్ధతుల పుస్తకాలు అలా కావు. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి ఆరో ఎడిషన్, రెఫరెన్సులో పుస్తకం ప్రచురణ సంస్థతో పాటు దాని ఊరు పేరూ అడిగేది, ఏడోది ఆ ఊరు తీసేసింది. పాతది పట్టుకున్నవాళ్లు రెఫరెన్సులన్నీ మళ్లీ దిద్దుకోవాలి. ముందు డిపార్ట్‌మెంట్ ఏ పద్ధతి, ఏ ఎడిషన్ అడుగుతోందో కనుక్కుని, తర్వాతే కొనమను.

ఇతరుల రాతను ఎత్తిరాసే గ్రంథచౌర్యం గురించి తప్పకుండా రాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంతగ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లలు ఈ అంకెలకు భయపడి మాటలు మార్చడం మొదలుపెడతారు. “అప్పులు పెరగడంతో రైతులు పట్నం దారి పట్టారు” అన్నదాన్ని “రుణాలు అధికమవడంతో కర్షకులు నగరబాట పట్టారు” అని రాస్తే సాఫ్ట్‌వేర్‌కు చిక్కకపోవచ్చు, కానీ అదీ ఎత్తిరాతే. వాక్యం ఎముకలు అవే ఉన్నాయి. మూలాన్ని కళ్లెదుట పెట్టుకుని రాస్తే ఇలాగే వస్తుంది. పేరా చదివి, పుస్తకం మూసి, పక్కవాడికి చెబుతున్నట్టు రాసి, అప్పుడు మూలంతో పోల్చుకోవాలి. ఎంత బాగా తిరగరాసినా ఆ ఆలోచన ఎవరిదో పేర్కొనాల్సిందే.

ఏ పుస్తకాన్నయినా సిఫారసు చేసే ముందు నువ్వే పరీక్షించు. కొట్టూరుపురం అన్నా శతజయంతి గ్రంథాలయంలోనో, ఎగ్మూరు కన్నెమెరా గ్రంథాలయంలోనో దొరుకుతుందేమో చూడు. వెనక అట్ట మీది పొగడ్తలు వదిలేసి, నమూనా పేరాలు ఉన్న పేజీలు తియ్యి. తప్పుల పేరా, దాన్ని దిద్దిన పేరా పక్కపక్కన లేకుండా ‘స్పష్టంగా రాయండి’ అని మాత్రమే చెప్పే పుస్తకం మన పిల్లలకు వద్దు. ఒక విద్యార్థి రాసిన బలహీనమైన పేరా తీసుకుని అందులోని ఒక అభ్యాసం చేయించు. పేరా బాగుపడిందో లేదో చూసి, ఆ రెండు రూపాలనూ నీ వ్యాసంలో అచ్చెయ్యి.

ముందు ఉపోద్ఘాతం దగ్గర ఆగినవాళ్ల కోసం ఒక్క పుస్తకం మీద రాసి పంపు. ఎడిషన్, అధ్యాయం, ధర, దొరికే చోటు పైనే ఉండాలి.

నీ శ్రేయోభిలాషి