క్రేటర్ లేక్ ముందా, సముద్రం ముందా?

ప్రశ్న: వచ్చే ఏడాది జూలైలో పోర్ట్‌లాండ్ నుంచి కారులో బయలుదేరి, ఎనిమిది రోజుల్లో క్రేటర్ లేక్, న్యూబెరీ అగ్నిపర్వత ప్రాంతం, ఒరెగాన్ సముద్రతీరం చూసి రావాలని అనుకుంటున్నాము. మావారు, నేను, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు వెళుతున్నాము. గుడారంలో ఉండడం అందరికీ ఇదే మొదటిసారి. రోజుకొక చోట బస చేస్తే ఎక్కువ చూడవచ్చని మావారు అంటున్నారు. అత్తగారు అలసిపోతారేమోనని నా సందేహం. ఏ క్రమంలో వెళితే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ సందేహమే సరైనది. గుడారం విప్పి, సర్ది, మళ్లీ వేయడానికి కొత్తవారికి సగం పూట పడుతుంది. చిన్నపిల్లలూ పెద్దావిడా ఉన్నప్పుడు ఆ శ్రమ రోజూ పెట్టుకుంటే చూసే ఓపిక మిగలదు. కాబట్టి రెండే బసలు పెట్టుకోండి: మొదటి నాలుగు రాత్రులు న్యూబెరీకి దగ్గరలో ఉన్న లాపైన్ స్టేట్ పార్కులో, తరువాత మూడు రాత్రులు సముద్రతీరాన ఫ్లోరెన్స్ దగ్గరి హనీమన్ స్టేట్ పార్కులో. లాపైన్‌లో చెక్క క్యాబిన్లు, హనీమన్‌లో పడకలూ హీటరూ ఉన్న యర్ట్‌లు (గుండ్రటి గుడారపు గదులు) దొరుకుతాయి. అత్తగారికి అందులో ఒకటి తీసుకుని, పక్కనే మీరు గుడారం వేసుకుంటే పిల్లల సరదా తీరుతుంది, ఆవిడకు నిద్రా పడుతుంది.

అగ్నిపర్వతాలు ముందు చూడమనడానికి కారణం ఉంది. కరిగిన రాయి ఎలా పారి గడ్డకట్టిందో న్యూబెరీలో కళ్లారా చూసిన పిల్లలకు తీరంలోని నల్లరాళ్లు వేరుగా కనిపిస్తాయి. న్యూపోర్ట్ దగ్గరి యక్వినా హెడ్ దాదాపు 1.4 కోట్ల ఏళ్ల క్రితం తూర్పున ఎంతో దూరంలో పుట్టి సముద్రం దాకా పారివచ్చిన లావా. అక్కడి గులకరాళ్ల మీదుగా అల వెనక్కి వెళ్లేటప్పుడు వచ్చే చప్పుడు కోసమైనా కాసేపు కూర్చోండి.

మీరు ఎంచుకున్న నెల మంచిదే, కాని రెండో పక్షం ఇంకా మేలు. క్రేటర్ లేక్ చుట్టూ తిరిగే 53 కిలోమీటర్ల రిమ్ డ్రైవ్ మంచు వల్ల జూలై వరకు పూర్తిగా తెరుచుకోని సంవత్సరాలు ఉంటాయి. ఆగస్టులోకి జరిగితే కార్చిచ్చుల పొగ సరస్సును కప్పేసే ప్రమాదం పెరుగుతుంది. దోమలు మాత్రం జూలైలో ఉంటాయి, మందు తీసుకువెళ్లండి.

లాపైన్ నుంచి ఒకటిన్నర గంటల ప్రయాణంలో ఉన్న క్రేటర్ లేక్‌కు ఒక పూర్తి రోజు ఇవ్వండి. దాదాపు 7,700 ఏళ్ల క్రితం మజామా పర్వతం కూలిపోగా ఏర్పడిన గుంతలో వాన, మంచు నీరు మాత్రమే నిండి, 592 మీటర్ల లోతైన ఈ సరస్సు తయారైంది. నది కలవదు కనుకనే నీరు అంత స్వచ్ఛంగా, అంత నీలంగా ఉంటుంది. దారి పొడవునా కారు ఆపి చూసే చోట్లు ఉన్నాయి కాబట్టి అత్తగారు ఏమీ కోల్పోరు. నీటి అంచుకు దిగే బాట నిటారైనది, పైగా మరమ్మతుల కోసం మూసి ఉండవచ్చు, కాబట్టి నేషనల్ పార్క్ సర్వీస్ ప్రకటన చూసుకోండి.

మరో రోజు న్యూబెరీకి. లావా రివర్ గుహలో ఏడాది పొడవునా 5 నుంచి 6 డిగ్రీల చలి, నేల ఎగుడుదిగుడు. మీవారు, పిల్లలు తలకు కట్టుకునే దీపాలతో వెళ్లి వచ్చేదాకా మీరూ అత్తగారూ బయట ఆగి, తరువాత అందరూ కారులో పౌలీనా సరస్సుకు వెళ్లి గడపవచ్చు. గుహకు ప్రవేశ సమయం ముందే రిజర్వ్ చేసుకోవాలి. వేరే గుహల్లో వాడిన బట్టలు, బూట్లు వేసుకోకూడదు. గబ్బిలాలకు ప్రాణాంతకమైన ఫంగస్ వాటి ద్వారా వ్యాపిస్తుంది. అబ్సిడియన్ (లావా గాజు) ముక్కలు కత్తుల్లా కోస్తాయి, పైగా ఏరుకోవడం నిషిద్ధం. ఇక్కడ జూలై రాత్రులు కూడా గడ్డకట్టే చలికి దగ్గరగా రావచ్చు. కార్చిచ్చుల భయంతో చలిమంట వేయనివ్వకపోవచ్చు కూడా, కనుక చలికి తగిన స్లీపింగ్ బ్యాగులే మీ ఆధారం.

లాపైన్ నుంచి ఫ్లోరెన్స్ సుమారు నాలుగు గంటలు. ఒరెగాన్‌లో 1967 చట్టం వల్ల తీరమంతా ప్రజలందరిదీ, ఎక్కడైనా దిగి నడవవచ్చు. అందుకే జాగ్రత్త కూడా మీదే. కేప్ పర్పెచువాలో, హెసెటా హెడ్ దగ్గరా సముద్రం వెనక్కి తగ్గే వేళకు ఒక గంట ముందు చేరుకుంటే రాళ్ల గుంతల్లో సముద్ర నక్షత్రాలు కనిపిస్తాయి. తీరంలో ఉన్నంతసేపూ సముద్రానికి వీపు తిప్పకండి. చెప్పాపెట్టకుండా పైకి దూసుకువచ్చే అలలు ఇక్కడ ప్రాణాలు తీశాయి. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద పిల్లలను అసలు ఎక్కనివ్వకండి; కొద్దిపాటి నీటికే అవి దొర్లుతాయి. నేల గట్టిగా కంపిస్తే సైరన్ కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటికి నడవాలని పాపకు కూడా నేర్పండి; 1700లో ఇదే తీరంలో పెద్ద భూకంపం, సునామీ వచ్చాయి.

స్టేట్ పార్కుల్లో ఆరు నెలల ముందు నుంచి రిజర్వేషన్ ఇస్తారు. జనవరిలోనే క్యాబిన్, యర్ట్ ఖాయం చేసుకుని, ఆ తేదీల ప్రకారం సెలవు పెట్టుకోండి. అవి దొరకకపోతే మీవారితో మాట్లాడి తేదీలు మార్చండి, అత్తగారిని గుడారంలో సర్దుకోమనకండి.