పాపా, ఆ బోర్డు మీద ఏం రాస్తావో ముందు నాకు చూపించు

పాపా,

గండికోట బోటింగ్‌లో గైడ్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. మైకులో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నువ్వే చెప్పాలట, రేట్ల బోర్డు, జాగ్రత్తల బోర్డు కూడా నువ్వే రాయాలట. మన ఇంట్లో నీళ్ల మీద పని చేసే మొదటి మనిషివి నువ్వే, అది తలుచుకుంటే గుండె ఉప్పొంగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు మీ అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు, ఆ రోజు నువ్వు కూడా పక్కనే కూర్చొని చూశావు కదా.

లైఫ్ జాకెట్ వేయించకుండా ఎవరినీ ఎక్కనివ్వద్దు, ఎంత పెద్దవాళ్లయినా సరే. డ్రైవర్ చేతికి కట్టుకునే కిల్ స్విచ్ తాడు కట్టుకున్నాడా లేదా చూడు, అతను నీళ్లలో పడితే ఇంజన్ ఆగేది దానివల్లే. ఇవి నీకు ట్రైనింగ్‌లోనే చెబుతారు. నేను చెప్పాలనుకున్నది మాటల గురించి.

స్పీడ్‌బోట్ అంటే ఇంజన్ ఉన్న ప్రతి బోటూ కాదమ్మా. చిన్నగా, తేలికగా ఉండి, వేగం అందుకోగానే ముక్కు పైకి లేచి, నీళ్లను కోసుకుంటూ కాకుండా నీళ్ల మీద జారుతూ పోయేదే స్పీడ్‌బోట్. ఇంజన్ ఉంటే చాలు, మెల్లగా పోయేదాన్ని కూడా మోటార్ బోట్ అనొచ్చు. జెట్ స్కీ వేరు, దాని మీద బండి మీద కూర్చున్నట్టు కూర్చుంటారు. ఇంగ్లీషులో స్పీడ్‌బోట్ ఒకే మాట, రెండు ముక్కలుగా విడగొట్టి రాయొద్దు. తెలుగులో మరబోటు అని రాశావంటే జనానికి సముద్రంలో చేపలు పట్టే బోటు గుర్తొస్తుంది. వేగపడవ అని ఎవరూ అనరు. స్పీడ్‌బోట్ అనే రాయి. ఇంకొకటి, 'గంటకు ఇన్ని నాట్స్' అని మైకులో అనకు. నాట్ అంటేనే గంటకు 1.852 కిలోమీటర్లు, గంట అందులోనే ఉంది.

మనం లాంచీ అంటామే, అది ఇంగ్లీషు లాంచ్ నుంచి, అది పోర్చుగీసు లాంచా నుంచి వచ్చింది. దానికి మూలం మలయ్ భాషలో చురుకైనది అనే అర్థమున్న మాటని నిఘంటువులు చెబుతాయి. వేగం పేరుతో బయలుదేరిన మాట మన దగ్గరికి వచ్చేసరికి నిదానంగా జనాన్ని మోసే బోటైంది. మాట మీద గుడ్డి నమ్మకం పెట్టుకోవద్దని నాకు ఇంకోలా తెలిసొచ్చింది.

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ వరదెత్తి ఒకేసారి కర్నూలు మీద పడ్డాయి. అప్పుడు నేను ఒక ఆఫీసులో చిన్న ఉద్యోగిని. పాతబస్తీలో జనం మిద్దెల మీద ఉన్నారు, ఫోన్ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. అవతలి మనిషి "ఏ బోటు కావాలి?" అని అడిగాడు. నేను "స్పీడ్‌బోట్ పంపండి సార్" అన్నాను. తొందరగా వచ్చే బోటు అనుకున్నానమ్మా, అంతే. ఎంతమంది పట్టాలి, సందుల్లో పోగలదా, అడుగు చదునుగా ఉందా, ఒక్క ప్రశ్నా నాకు తట్టలేదు. వచ్చింది. ముక్కు సూదిగా, వెనక పెద్ద మోటారు, డ్రైవర్ కాక నలుగురు పడతారు. మెల్లగా నడిపితే వెనకభాగం నీళ్లలో దిగబడి, మోటారు కింద నీళ్లలో తిరిగే ఫ్యాన్‌కు ఏదో ఒకటి తగులుకునేది. ఒకసారి వెనక్కి వచ్చినప్పుడు చూశాను, ఎర్రంచు చీర ఒకటి ఫ్యాన్ రెక్కలకు పురితాడులా బిగుసుకుపోయి ఉంది. ఎవరింట్లోదో కూరగాయల కత్తి తెచ్చి కోశాం, ఇరవై నిమిషాలు. మిద్దెల మీద నుంచి జనం కేకలేస్తూనే ఉన్నారు. వెడల్పు రోడ్డు మీదికి రాగానే ఆ డ్రైవర్ పిల్లాడు, పోయిన టైము రాబట్టాలని, వేగం పెంచాడు. వాడి తప్పేం లేదు. ఆ బోటు లేపిన అల పక్క సందులోకి పోయి, అప్పటికే నానిపోయిన ఒక మట్టిగోడను తోసేసింది. అటక మీద కూర్చున్న ముసలామె కిందపడి కాలు విరిగింది. సాయంత్రం ఆమెను గట్టుకు చేర్చింది మా బోటు కాదు, చేపలు పట్టేవాళ్ల పుట్టి, బుట్టలా గుండ్రంగా ఉండే పడవ. తెడ్డుతో మెల్లగా వచ్చింది, అందులో ఆమెతో కలిపి ఆరుగురున్నారు. ఆమె కాలు నొప్పి గురించి అడగలేదు, "నా ట్రంకు పెట్టె దొరికిందా నాయనా" అని నన్నే అడిగింది. దొరకలేదు. తర్వాత రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లాను కానీ ఆ ఫోన్‌లో ఏమన్నానో ఆమెకు చెప్పలేకపోయాను. మీ అత్తకు కూడా చెప్పలేదు, మొదట నీకే రాస్తున్నాను.

అందుకే బోర్డు మీద స్పీడ్‌బోట్ అని రాసి ఊరుకోవద్దు. కింద పెద్ద అక్షరాల్లో రాయి: ఎంతమంది ఎక్కొచ్చు, ముందు సీటులో ఎగుడుదిగుడు ఎక్కువని, నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కొద్దని. మెల్లగా తిరిగి చూడాలనుకునేవాళ్లకు పెద్ద బోటు టికెట్ ఇవ్వమని చెప్పు. ఒడ్డున పుట్టి కనిపిస్తే దగ్గరికి రాకముందే వేగం తగ్గించమని డ్రైవర్‌కు చెప్పు. చిన్నదానివని వాళ్లు వినకపోతే రెండోసారి గట్టిగా చెప్పు, మొహమాటపడకు.

వేళకు తిను. ఆ ఎండకు నెత్తిన గుడ్డ కట్టుకో, రంగు పోతుందని కాదు, నీకు చిన్నప్పటి నుంచి ఎండ పడితే తలనొప్పి.

బోర్డు రంగు వేయించే ముందు ఫోటో పంపు, చదివి చెబుతాను. దసరాకు మీ అత్తా నేనూ వస్తాం. ఇప్పటిదాకా నేను స్పీడ్‌బోట్ ఎక్కలేదు పాపా, ఆ రోజు కూడా గట్టు మీదే ఉన్నాను. నీ బోటు ఎక్కుతాను. పక్కనే కూర్చో.

మీ మామ,
కర్నూలు